బస్తాల లెక్క సరే, మిగులు లెక్కేదీ?

ఎరువుల కొట్లో యూరియా బస్తా కొనాలంటే వేలిముద్ర వెయ్యాలి. ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు, ఎందుకంటే మనం బస్తాలు కొనడం మానేసి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో పొలం మాత్రం ఉంటుంది, కౌలుకిచ్చి ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు గట్టుమీద నిలబడి ఫోటో దిగుతాం. అంతటితో సరి.

2018 మార్చి నాటికి దేశమంతటా ఈ వేలిముద్ర పద్ధతి వచ్చేసింది. రెండు లక్షలకు పైగా కొట్లలో మిషన్లు పెట్టారు. ఆధార్ నంబరు కొట్టి, వేలు పెట్టి, బస్తా తీసుకోవాలి. ఆ అమ్మకం నమోదైతేనే కంపెనీకి సబ్సిడీ డబ్బులు వెళతాయి. ఫ్యాక్టరీలోంచి బయటపడ్డ బస్తా ఏ రేకులో ఎక్కింది, ఏ జిల్లాలో దిగింది, ఏ కొట్లో ఉంది, ఎవరి వేలికి అమ్ముడైంది అన్నదంతా ఒక డేటాబేసులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాడిగా చెబుతున్నాను, ఇది చిన్న పని కాదు. కరెంటు పోయే ఊళ్ళల్లో, సిగ్నల్ రాని కొట్లలో, అరిగిపోయిన వేళ్ళతో ఇంత పెద్ద వ్యవస్థ నడుస్తోందంటే కట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే.

కానీ ఈ కథ కొట్టు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. బస్తా బండెక్కాక అది ఏ చేలో పడింది, ఏ పంటకి పడింది, అందులో ఎంత గింజలోకి వెళ్ళింది, ఎంత మిగిలింది, ఆ మిగిలింది ఎక్కడికి పోయింది.. ఇవేవీ ఏ పట్టికలోనూ లేవు. ఎందుకంటే ఆ వ్యవస్థ కట్టింది సబ్సిడీ కోసం. నీళ్ళ కోసం కాదు.

నీళ్ళ సంగతి ఎందుకొచ్చిందంటే, కేంద్ర భూగర్భ జల మండలి 2024లో ఒక నివేదిక ఇచ్చింది. దేశమంతా 15 వేలకు పైగా చోట్ల బావుల నీళ్ళు పరీక్షిస్తే, ఇంచుమించు అయిదింట ఒక నమూనాలో నైట్రేటు హద్దు దాటి ఉంది. అలాంటి నమూనాలు దొరికిన జిల్లాలు 440. తెలంగాణలో దాదాపు 27 శాతం, ఆంధ్రలో 23 శాతం నమూనాలు ఈ కోవలోవే. హద్దంటే మన ప్రమాణాల ప్రకారం లీటరుకి 45 మిల్లీగ్రాములు.

నైట్రేటుకి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచి చల్లార్చినా పోదు, పైగా నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి ఆ నీళ్ళతో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్ మోయలేక పిల్లలు నీలంగా మారిపోతారు. 1945లోనే అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు ఈ సంగతి గుర్తించి రాశాడు. బావి నీళ్ళతో పాలు కలిపిన ఇళ్ళ పిల్లల గురించి. ఇప్పుడు మనం చూస్తున్న హద్దులన్నీ ఆ దారిలో వచ్చినవే.

పోయిన సంవత్సరం నాకు ఓ బుద్ధి పుట్టి తెనాలి దగ్గర మా పొలంలోని బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టించి లాబుకి పంపించాను. రిపోర్టు వచ్చింది: 'నైట్రేట్ 13.6'. హమ్మయ్య, 45 కంటే చాలా తక్కువ అనుకోబోయి ఆగాను. యూనిట్ పక్కన ఏమీ రాయలేదు. ఇందులో తిరకాసేమిటంటే నైట్రేటుని రెండు రకాలుగా చెబుతారు. నైట్రేటు మొత్తం బరువు ఒకటి, అందులో ఉన్న నత్రజని బరువు ఒకటి. రెండోదాన్ని 4.43తో గుణిస్తే మొదటిది వస్తుంది. అమెరికా వాళ్ళు 10 అంటే, మనం 45 అంటే, రెండూ ఒకటే, వాళ్ళది నత్రజని లెక్క, మనది నైట్రేటు లెక్క. లాబుకి ఫోన్ చేస్తే మూడో మనిషి దగ్గర తేలింది, వాళ్ళు ఇచ్చింది నత్రజని లెక్క అని. అంటే మా బోరులో నైట్రేటు 13.6 కాదు, 60. హద్దు దాటేసింది! 1999లో యూనిట్ల తేడా వల్ల నాసా వాళ్ళ ఉపగ్రహం అంగారకుడి దగ్గర కూలిపోయిందని మనం ట్రైనింగుల్లో నవ్వుతూ చెప్పుకుంటాం కదా. ఇక్కడ కూలిపోయేదేమీ కనపడదు, అదే తేడా.

(ఎరువు బస్తా మీద కూడా ఇదే గోల. డీఏపీ మీద 18-46 అని ఉంటుంది. ఆ 46 భాస్వరం శాతం కాదు, భాస్వరం ఆక్సైడు శాతం. అసలు భాస్వరం కావాలంటే 0.436తో గుణించుకోవాలి. అంటే 20 శాతమే. వందేళ్ళ కిందటి రసాయన శాస్త్రజ్ఞుల అలవాటు అది, ఎవరూ మార్చలేదు. లెగసీ కోడ్ అంటే ఇదే.)

సరే, బోరులో 60 ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చింది? యూరియా అని వెంటనే తేల్చెయ్యడం అన్యాయం. ఊరి మధ్య బావిలో అయితే సెప్టిక్ ట్యాంకులు, పెంటకుప్పలు ముందు అనుమానించాలి, చాలా ఊళ్ళలో అసలు దోషులు అవే. మా బోరు ఇళ్ళకి దూరంగా చేల మధ్యలో ఉంది కాబట్టి చేల మీద అనుమానం ఎక్కువ. ఇంకో సంగతి, ఇవాళ బోరులో కనిపిస్తున్న నైట్రేటు ఇవాళ చల్లిన యూరియాది కాకపోవచ్చు. పై మట్టిలోంచి కిందికి దిగడానికి దానికి నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. అంచేత నీళ్ళని పరీక్షించి చర్య తీసుకుంటాం అనడం, సర్వరు పడిపోయాక లాగులు తిరగేయడం లాంటిది. పడకముందే తెలియాలంటే డిస్కు ఎంత నిండుతోందో రోజూ చూడాలి. చేలకి ఆ లెక్క పేరే పోషకాల జమాఖర్చు. చేలోకి ఎంత వచ్చింది, చేలోంచి ఎంత బయటకి వెళ్ళింది, తేడా ఎంత. అంతే. దీనికి అయిదో తరగతి లెక్కలు చాలు.

మా ఎకరం లెక్క వేసి చూపిస్తాను. వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న పెట్టడం మా వైపు మామూలు. మా కౌలుదారు, నేను బాబాయ్ అని పిలుస్తాను, ఎకరానికి అయిదు యూరియా, రెండు డీఏపీ వేస్తాడు. యూరియాలో నత్రజని 46 శాతం. బస్తా 45 కిలోలు కాబట్టి బస్తాకి 20.7 కిలోలు. (2018కి ముందు బస్తా 50 కిలోలుండేది. జనం కిలోల్లో కాక బస్తాల్లో లెక్కపెడతారు కాబట్టి బస్తా తగ్గిస్తే వాడకం తగ్గుతుందని సర్కారు ఆలోచన. మా ఊళ్ళో మాత్రం బస్తా చిన్నదైందని ఇంకోటి కలిపారు.) అయిదు యూరియాలు 103 కిలోలు, రెండు డీఏపీల్లో 18. వెరసి 121 కిలోల నత్రజని.

బయటికి వెళ్ళింది? ఎకరానికి 35 క్వింటాళ్ళు పండింది. గింజలో నత్రజని నూటికి 1.4 పాళ్ళు అనుకుంటే 49 కిలోలు. చొప్ప పశువులకి తోలితే ఇంకో 20-25 కిలోలు వెళ్ళినట్టు. మాది చేలోనే తగలబెట్టారు, ఆ నత్రజని చాలావరకు పొగలో పోయింది. చేలోంచి పోయినా ఎవరికీ ఉపయోగపడలేదు కాబట్టి నేను దాన్ని ఖర్చు కింద రాయను.

ఇక్కడివరకు మిగులు 72 కిలోలు. కానీ ఒక పద్దు మర్చిపోయాం. బోరు నీళ్ళు!

ఆ 13.6 గుర్తుందిగా. మొక్కజొన్నకి అయిదారు తడులు, మొత్తం మీద 40 సెంటీమీటర్ల నీళ్ళు పెట్టారనుకుందాం. ఎకరానికి అది 16 లక్షల లీటర్లు. లీటరుకి 13.6 మిల్లీగ్రాములంటే 22 కిలోల నత్రజని. ఒక బస్తా యూరియా కంటే కాస్త ఎక్కువే! అంటే ఎప్పుడో పైన చల్లి కిందికి దిగిపోయిన యూరియాని మోటారు పెట్టి పైకి తోడి మళ్ళీ చేలో పోస్తున్నాం, దాని మీద మళ్ళీ అయిదు బస్తాలూ చల్లుతున్నాం. ఈ లెక్క వేసిన రాత్రి నేను స్ప్రెడ్‌షీటు మూడుసార్లు సరిచూసుకున్నాను. దశాంశ స్థానం ఎక్కడైనా జారిందేమోనని. జారలేదు.

మొత్తం వచ్చింది 143, వెళ్ళింది 49. మిగులు ఎకరానికి 94 కిలోలు.

ఈ 94 మొత్తం నీళ్ళలోకి పోతుందని నేననడం లేదు. కొంత అమోనియాగా గాల్లో కలుస్తుంది, కొంత మట్టిలోని సేంద్రియ పదార్థంలో చేరుతుంది, కొంత సూక్ష్మజీవులు తిరిగి నత్రజని వాయువుగా మార్చేస్తాయి. నిండా నీళ్ళు నిలిచిన వరి మడిలో ఈ ఆఖరుది బాగా జరుగుతుంది, అందుకే వరి కింద నైట్రేటు తక్కువ దిగుతుంది. ఆరుతడి మొక్కజొన్న, మిరప, కూరగాయల కింద అలా కాదు. మిగులు అనేది కాలుష్యం కాదు, కాలుష్యానికి ఉన్న అవకాశం. అయినా సరే, మూడింట రెండొంతులు ఎక్కడికి పోయిందో చెప్పలేని ఖాతాని ఏ ఆడిటరూ ఒప్పుకోడు కదా.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 2003లో కంపెనీ పని మీద నెదర్లాండ్స్‌లో ఉన్నప్పుడు మా టీములో ఒకతని తండ్రికి పాడి ఫారం ఉండేది. ఆయన ప్రతి ఏడూ ఖనిజాల పద్దు రాసి సర్కారుకి ఇవ్వాలి. దాన్ని మినాస్ అనేవారు. 1998లో పశువులు ఎక్కువున్న ఫారాలతో మొదలుపెట్టి 2001కల్లా అందరికీ పెట్టారు. ఫారం గేటు దగ్గర లెక్క: లోపలికి దాణా, ఎరువు, కొన్న పశువులు, బయటికి పాలు, మాంసం, పంట, అమ్మిన పేడ. తేడా ఇంతవరకు ఉండొచ్చు అని ఒక గీత. గీత దాటితే కిలోకింత అని పన్ను. చేలో ఎప్పుడు ఏం చల్లావని ఎవరూ అడగరు. నీ తెలివితేటలు నీవి, గేటు దగ్గర తేడా చూపించు చాలు. పాల డెయిరీ బిల్లు, దాణా బిల్లు ఉంటే పద్దు తయారు. ఇంజనీరుకి ఇంతకంటే అందమైన ఇంటర్‌ఫేసు ఏముంటుంది?

పాడి ఫారాల మిగులు దీనివల్ల నిజంగానే తగ్గింది. పందులు, కోళ్ళ ఫారాల వాళ్ళు మాత్రం గగ్గోలు పెట్టారు. పేడ నిల్వలోంచి ఎంత గాల్లో పోతుందో కచ్చితంగా కొలవలేరు, పేడ నమూనాల్లో తేడాలు, దాంతో కాగితం మీద కనిపించే మిగులుకి వాళ్ళు బాధ్యులా కాదా అని తగువులు. చివరికి 2003 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం ఈ పద్ధతి చెల్లదంది. 1991 నాటి నైట్రేట్ల చట్టం ప్రకారం ఎంత వెయ్యాలో ముందే హద్దు పెట్టాలి తప్ప, మిగిలాక పన్ను వేస్తాననడం కుదరదని. 2006 నుంచి మినాస్ పోయి హద్దుల పద్ధతి వచ్చింది. పన్ను పెట్టడం సంగతేమోగానీ, పద్దు రాయించడం మాత్రం మంచిపనే అని నా అభిప్రాయం. ఆ రెంటినీ కలిపి కట్టడం వల్లే పద్దులో అబద్ధాలు చెప్పాల్సిన అవసరం పుట్టింది.

డెన్మార్కు వాళ్ళది ఇంకో దారి. 1986లో కాటెగట్ సముద్రంలో జాలర్ల వలల్లో చచ్చిన లాబ్‌స్టర్లు పడ్డాయి. నీళ్ళలో ఆక్సిజన్ లేదు. టీవీలో చూసి దేశం ఉలిక్కిపడింది. మరుసటేడే పార్లమెంటు సముద్రంలోకి వెళ్ళే నత్రజనిని సగానికి తగ్గించాలని తీర్మానించింది. ప్రతి రైతుకీ పంటని బట్టి, నేలని బట్టి నత్రజని కోటా. ఏటా ఎరువుల పద్దు. అమ్మినవాడు కూడా ఎవరికెంత అమ్మాడో సర్కారుకి చెప్పాలి. రెండూ సరిచూస్తారు. పట్టణాల మురుగునీటి శుద్ధి కూడా కలిసొచ్చి, 1990 నుంచి లెక్కేస్తే సముద్రానికి చేరే నత్రజని సుమారు సగమైంది. ఒక్క రోజులో కాలేదు, పాతికేళ్ళు పట్టింది, గొడవలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు మన దగ్గరకి రండి. అమ్మినవాడి వైపు పద్దు మనకి ఆల్రెడీ ఉంది, వేలిముద్రతో సహా. ఆంధ్రలో ఈ-పంట నమోదులో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో సీజనుకోసారి రాస్తారు. 2015లో మొదలైన భూసార కార్డులు 20 కోట్లకు పైగా ఇచ్చారు. పంట కోత ప్రయోగాల్లో సగటు దిగుబడి తెలుస్తుంది. బావుల నైట్రేటు భూగర్భ జల మండలి దగ్గరుంది. అయిదు పట్టికలు. జాయిన్ రాసినవాడు లేడు.

భూసార కార్డు ఉందిగా, అదే పద్దు కదా అంటారేమో. కాదు. సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా తీస్తారు, మన ఎకరం మట్టి అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది పక్కన పెట్టినా, కార్డు ఒక రోజు తీసిన ఫోటో. పద్దు అంటే లావాదేవీల చిట్టా. బ్యాంకులో ఇవాళ ఎంత ఉందో చూస్తే డబ్బు ఎటు పోతోందో తెలీదు.

జాయిన్ ఎందుకు కుదరదో రాయబోతే తెలుస్తుంది. బస్తా పట్టికలో ఉన్నది ఆధార్. పంట పట్టికలో ఉన్నది సర్వే నంబరు. సొంత సేద్యం చేసేవాడికి రెండూ కలుస్తాయి. మా పొలానికి? పాస్‌బుక్కులో పేరు మా నాన్నది. బస్తా కొన్న వేలు బాబాయిది. ఒక్కోసారి బాబాయికి అప్పిచ్చిన కొట్టతను వేరే ఊరివాడు, కాబట్టి కొట్టు లొకేషన్ కూడా పనికిరాదు. మధ్యలో కౌలు ఒప్పందం అనే పట్టిక ఉండాలి, అది నోటిమాట. నోటిమాటకి ప్రైమరీ కీ ఉండదు. 2019లో ఆంధ్రలో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, యజమాని సంతకం పెడితే కౌలురైతుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు. సంతకం పెట్టిన యజమానులు మీకు తెలిసినవాళ్ళలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చూడండి :)

కాబట్టి నేనైతే రైతుల వారీగా మొదలుపెట్టొద్దంటాను. మండలం వారీగా వేస్తే చాలు. మండలంలో అమ్మిన నత్రజని ఎంత, పంటల విస్తీర్ణం సగటు దిగుబడితో గుణిస్తే బయటికి వెళ్ళింది ఎంత, తేడాని విస్తీర్ణంతో భాగించి మ్యాపు మీద రంగులెయ్యడం. పక్కనే బావుల నైట్రేటు మ్యాపు. ఎవరు ఎవరి కౌలుదారో అక్కర్లేదు, వ్యక్తిగత వివరాలూ బయటపడవు. ఇది ఇద్దరు ఇంజనీర్లు ఒక నెలలో చేసే పని. డేటా ఇచ్చేవాళ్ళుంటే! 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలంగాణలో యూరియా కోసం జనం తెల్లవారకుండానే చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. అప్పుడు చర్చంతా ఎన్ని టన్నులు వచ్చాయి, ఎన్ని రావాలి అన్నదే. ఎంత మిగులుతోంది అన్న ప్రశ్న ఏ ఛానల్లోనూ రాలేదు. క్యూలో నిలబడినవాణ్ణి ఆ మాట అడిగితే చెప్పు తీసి కొడతాడు, అదీ న్యాయమే.

ఎందుకంటే వాడి లెక్క వాడికుంది. ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు నా స్ప్రెడ్‌షీటు కాగితం మీద ముద్రించి తీసుకెళ్ళాను.

"అయిదెందుకు బాబాయ్, నాలుగు చాలవూ? నీ బోరులోనే ఒక బస్తా ఉంది" అన్నాను.

ఆయన కాగితం చూసి, బోరు లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. "నిజమే అయ్యుండొచ్చు. మరి చాలకపోతే ఎవరిస్తారు అబ్బాయ్? నీ కౌలు నీకు ముందే ఇచ్చేశాగా" అన్నాడు.

బస్తా 266 రూపాయలు. ఎకరానికి ఓ 12-13 కిలోల మొక్కజొన్న అదనంగా వస్తే ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది. 3500 కిలోలు పండే చేలో 12 కిలోలంటే కంటికి కూడా ఆనదు. వేల రూపాయల కౌలు ముందే కట్టి, విత్తనం అప్పు తెచ్చినవాడికి అంతకంటే చవకైన బీమా ఇంకెక్కడ దొరుకుతుంది? 2010లో మిగతా ఎరువుల సబ్సిడీ పద్ధతి మార్చి యూరియాని మాత్రం పక్కన పెట్టారు. దాంతో డీఏపీ 1350 అయింది, యూరియా అక్కడే ఉంది. ఆయన స్థానంలో ఉంటే నేను ఆరు వేస్తానేమో.

కాసేపు ఆలోచించి, వచ్చే పంటకి ఒక అరెకరంలో ఒక బస్తా తగ్గించి చూద్దాం, దిగుబడి తగ్గితే ఆ తేడా కౌలులో తగ్గించుకుంటాను అన్నాను. బాబాయ్ నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వెనకవైపు ఖాళీగానే ఉందిగా, ఆ మాట రాసి సంతకం పెట్టివ్వు అబ్బాయ్" అన్నాడు.

మా నాన్నకి చెప్పాను. తగ్గించడానికి అభ్యంతరం లేదట, ఒక ఎకరానికి మొత్తం తగ్గించమన్నా సరేనట. కౌలుదారుకి సంతకం పెట్టిన కాయితం ఇవ్వడమే వద్దంటున్నాడు. అక్టోబరులో మళ్ళీ ఊరెళ్ళాలి.